బఠాణీ గింజంత ఈస్ట్

వప్పు పండక్కి సిమా చేసే పని హిల్యా తనకి అప్పగించిన రోజునే ఇల్మారి మనసులో ఒక సంగతి గట్టిగా అనుకున్నాడు. పండగనాడు సరస్సు ఒడ్డున కూర్చుని, ఆవిడ గ్లాసులో సిమా పోసి, ఊరు వదిలి వెళ్ళొద్దని అడిగేస్తాడు. ఇక ఆ మాటని వాయిదా వెయ్యడానికి వీల్లేదు. మే ఇరవైన ఆవిడ సామాను కోసం లారీ వస్తుంది.

చూసేవాళ్ళకి ఇదేమంత పెద్ద విషయం కాదు. తేనె, నీళ్ళు, నిమ్మకాయ, ఈస్ట్ కలిపి పులియబెడితే సిమా అవుతుంది. మే ఒకటో తారీకున, అంటే వప్పునాడు, మా కువోపియో ఊళ్ళో అది లేని ఇల్లుండదు, చిన్నపిల్లలు కూడా తాగుతారు. కానీ ఇల్మారి సంగతి వేరు. మనిషి ఆరడుగుల పైమాటే, చేతులు పారల్లా ఉంటాయి, నోట్లోంచి మాట మాత్రం పట్టకారుతో లాగాలి. మా సావో ప్రాంతం మగవాళ్ళు చాలామంది అంతే. కడుపులో ఉన్నది పైకి చెప్పడానికి వాళ్ళకి ఒక పండగా, ఒక గ్లాసూ, చేతిలో పట్టుకోవడానికి ఏదో ఒక వస్తువూ కావాలి.

హిల్యా అతనుండే అపార్ట్‌మెంట్లోనే మూడో అంతస్తులో ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు బడి వంటశాలలో రోజూ నాలుగొందల మంది పిల్లలకి వండి పెట్టింది కాబట్టి గొంతు కాస్త పెద్దది. అపార్ట్‌మెంట్ సంఘానికి ప్రెసిడెంటు కూడా ఆవిడే. భర్త పోయి ఆరేళ్ళయింది. ఇల్మారి భార్య అన్నిక్కి పోయి నాలుగేళ్ళు. శనివారం సాయంత్రం కింద సౌనాలో, అంటే ఆవిరిస్నానాల గదిలో, ఆవిడ వంతు ఆరింటి నుంచి ఏడింటి దాకా, అతని వంతు ఏడు నుంచి ఎనిమిది. తడిజుట్టుతో ఆవిడ పైకి వస్తుంటే, తువ్వాలు భుజాన వేసుకుని అతను కిందికి దిగుతుండేవాడు. మెట్ల మీద మొదలైన రెండు మాటలు రెండేళ్ళలో ఆదివారం కాఫీ దాకా వచ్చాయి. ఆ తర్వాత అక్కడే ఆగిపోయాయి, ఇల్మారి పుణ్యమా అని.

ఈలోగా హిల్యా వెళ్ళిపోవడానికి నిశ్చయించుకుంది. తూర్కులో ఉన్న చెల్లెలు ఐలి ఎప్పట్నుంచో రమ్మంటోంది. ఇక్కడ సరస్సు ఒడ్డున హిల్యాకో వేసవి ఇల్లుంది, అక్కడ తేనెటీగల పెట్టెలు పది ఉన్నాయి. తేనె నిండిన పెట్టెలు ఒంటరిగా ఎత్తలేక కిందటేడు నడుము పట్టేసి పది రోజులు మంచం మీదే ఉంది. లేవగానే ఈగల్ని కొనేవాణ్ణి వెతికింది, లారీ మాట్లాడింది, అట్టపెట్టెల మీద లావు అక్షరాలతో తూర్కు అని రాయడం మొదలుపెట్టింది. ఆ పెట్టెలు చూసినప్పుడల్లా ఇల్మారికి కాఫీ చేదుగా అనిపించేది.

పండక్కి పది రోజుల ముందు, సోమవారం, మెట్ల దగ్గర ఆవిడే ఆపింది.

"ఈసారి వప్పుకి మనిద్దరం సరస్సు దగ్గర కూర్చుందాం. ఇక్కడ నాకిదే ఆఖరిది కదా," అంది.

"డోనట్లు నేను చేస్తానండీ," అన్నాడు ఇల్మారి, చేతికి అలవాటైన పని కదా అని.

"అక్కర్లేదు, డోనట్లు నేను వేయిస్తా. మీరు సిమా చెయ్యండి. ఎప్పుడూ వచ్చిన పనే చేస్తారా ఏం?" అంటూ సంచీలోంచి కిలో తేనె సీసా తీసి అతని చేతిలో పెట్టింది. "పంచదారతో చేసే సిమా కాదు, అచ్చంగా తేనెతో. మా ఈగల తేనె, కిందటి జూలైది. ఇంతకీ ఈస్ట్ ఎంత వెయ్యాలో తెలుసా?"

ఆ ప్రశ్నకి ఇల్మారికి నవ్వొచ్చింది. నలభై ఒక్క ఏళ్ళు బేకరీలో పనిచేసి, పెద్ద మేస్త్రిగా రిటైరైన మనిషిని అడగాల్సిన మాటా అది!

"హిల్యా గారూ, నలభై ఒక్క ఏళ్ళు ఈస్ట్‌తో కాపురం చేశానండీ. మా ఆవిడతో కూడా అన్నేళ్ళు చెయ్యలేదు."

"సరే మరి, మీ కాపురం మీ ఇష్టం," అని ఆవిడ పైకి వెళ్ళిపోయింది.

అప్పుడే నోరు మూసుకుని 'తెలీదండీ, ఎంత?' అని ఉంటే ఈ కథే లేదు.

నిజానికి ఇల్మారి జన్మలో సిమా చెయ్యలేదు. ఏటా అన్నిక్కి చేసేది. ఆ రోజు అతన్ని వంటింట్లోకి అడుగు పెట్టనిచ్చేది కాదు. "నీ గోళ్ళలో ఉన్న ఈస్ట్ చాలు, నా సిమా నాశనం కావడానికి. అవతలికి పో," అని తరిమేది. ఇప్పుడు ఆవిడ వంటల పుస్తకం తీసి వెతికితే సిమా పేజీ దొరికింది. నీళ్ళు నాలుగు లీటర్లు, తేనె కిలో, నిమ్మకాయలు రెండు, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉన్నాయి. చివరి వరసలో 'ఈస్ట్: ఎప్పటిలాగే' అని ఉంది.

"ఎప్పటిలాగే అంటే ఎంతే తల్లీ!" అన్నాడు పుస్తకంతో. పుస్తకం ఏం చెబుతుంది?

హెల్సింకిలో ఉన్న కూతురు రీక్కాకి ఫోన్ చేశాడు.

"అమ్మ కత్తి మొనతో తీసేది నాన్నా."

"ఏ కత్తి? రొట్టెలు కోసేదా?"

"వెన్న రాసేది."

"దాని మొన మీద ఎంత పడుతుంది?"

"నాకేం తెలుసు, కొంచెం. నెట్‌లో చూడరాదూ?"

"నన్ను నెట్‌లో చూసి ఈస్ట్ వెయ్యమంటావా?"

"మరి నన్నెందుకు అడిగావు?"

"అడగలేదు. ఊరికే పలకరిద్దామని చేశాను," అని పెట్టేశాడు.

కింది అంతస్తులో రెయ్యో ఉంటాడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు, ఇల్మారికి చిన్నప్పటి స్నేహితుడు. ప్రపంచంలో ప్రతిదానికీ అతని దగ్గర ఒక జవాబు ఉంటుంది.

"బఠాణీ గింజంత," అన్నాడు రెయ్యో, అడగ్గానే.

"ఏ బఠాణీ? ప్రతి గురువారం కాచుకునే సూపులో వేసే ఎండుదా, జూలైలో సంతలో ఒలుచుకు తినే పచ్చిదా?"

"ఎండుదే. మా అమ్మ అంతే వేసేది, మా అమ్మమ్మా అంతే."

"నాలుగు లీటర్లకి ఎండు బఠాణీ అంతా! ఎలక్కి రొట్టె చేసిపెట్టాలన్నా అంతకంటే ఎక్కువ పడుతుందిరా."

"అది రొట్టె కాదురా, సిమా!"

"అది రొట్టెలో ఉందో సిమాలో ఉందో ఈస్ట్‌కేం తెలుస్తుందిరా? నువ్వు బస్సు సంగతి చెప్పు, వింటాను."

ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాడు. తీపి బన్నుల పిండికి అర లీటరు పాలకి ఒక ఈస్ట్ ముక్క, అంటే యాభై గ్రాములు. ఆ లెక్కన నాలుగు లీటర్లకి ఎనిమిది ముక్కలు. సరే, ఇందులో పిండి లేదు కాబట్టి సగం తగ్గిద్దాం. నలుగురూ కొంచెం కొంచెం అంటున్నారు కాబట్టి ఇంకా తగ్గిద్దాం. చివరికి ఒకే ఒక్క ముక్క దగ్గర ఆగాడు. ఇంత పిసినారిగా తను ఎప్పుడూ ఈస్ట్ వాడలేదని అతనికి సిగ్గుగా కూడా అనిపించింది.

ఇంకో భయం కూడా లోపల ఉంది. పండగనాడు మూత తీస్తే బుస్సుమనకపోతే? చప్పగా, బురదనీళ్ళలా గ్లాసులో పడుకుంటే? అలాంటి గ్లాసు చేతికిచ్చి ఒక ఆడమనిషిని ఉండిపొమ్మని ఏ ముఖంతో అడగడం? తక్కువైతే పరువు పోతుంది, కాస్త ఎక్కువైతే ఏం పోతుంది అనుకున్నాడు.

మంగళవారం పొద్దున్న నీళ్ళు కాచి, తేనె కరిగించి, నిమ్మతొక్కలు వేసి, గోరువెచ్చగా అయ్యాక ఈస్ట్ ముక్క మొత్తం చిదిమి బకెట్లో కలిపాడు. కలుపుతూ మాట సాధన చేశాడు. "హిల్యా గారూ, మీరు తూర్కు వెళ్తే... హిల్యా గారూ, ఈ అపార్ట్‌మెంట్‌కి మీలాంటి ప్రెసిడెంటు మళ్ళీ..." ఛ, ఇదేదో వీడ్కోలు సభలా ఉంది. "హిల్యా గారూ, ఈగల విషయం..." అదీ బాగాలేదు. బకెట్ మాత్రం గుడగుడమని బదులిస్తూనే ఉంది.

బుధవారం పొద్దున్న లేచి చూస్తే నురగ బకెట్ దాటి, బల్ల దాటి, పొయ్యి దాకా పాకింది. ఇల్మారికి ఛాతీ ఉప్పొంగింది. పిండి అలా పొంగితే బేకరీలో పండగే. వెంటనే అన్నిక్కి దాచుకున్న క్లిప్పు మూతల గాజు సీసాలు ఎనిమిది కడిగి, వడకట్టి పోసి, ఒక్కోదానిలో నాలుగైదు కిస్‌మిస్‌లు వేశాడు. కిస్‌మిస్‌లు పైకి తేలితే సిమా తయారైనట్టు. మామూలుగా దానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. ఇవి మూత బిగించేలోపే తారాజువ్వల్లా పైకొచ్చేశాయి.

"రెయ్యో అమ్మమ్మ బతికుంటే పిలిచి చూపించేవాణ్ణి," అనుకుని, సీసాలన్నీ బుట్టలో పెట్టుకుని, నేలమాళిగలో తన వాటాకొచ్చిన పదకొండో నంబరు సామాన్ల కొట్లో వరసగా పేర్చి తాళం వేశాడు.

శుక్రవారం ఒకటి రుచి చూద్దామని పైకి తెచ్చి, సింకు దగ్గర క్లిప్పు లాగాడు. సగం సీసా సిమా వంటింటి పైకప్పుకి తగిలింది. తలమీంచి కారుతున్నదాన్ని తుడుచుకుని, మిగిలినది గ్లాసులో పోసి ఒక గుక్క తాగాడు. నాలుక మీద పచ్చి పిండి, దాని వెనక పుల్లటి పిండి, అంతకీ వెనక ఎక్కడో దూరంగా, అరిచి పిలుస్తున్నట్టు, కాస్త తేనె. తెల్లవారుజామున బేకరీ తలుపు తీస్తే కొట్టే వాసన అది. నలభై ఏళ్ళు ప్రాణంగా పీల్చుకున్న వాసన ఆ రోజు వాంతి తెప్పించింది.

పిలిస్తే వచ్చిన రెయ్యో కూడా ఒక గుక్క తాగి, గ్లాసు సింకులో బోర్లించాడు.

"ఎంత వేశావు?"

"ఒక ముక్క."

"ఒరేయ్, నీ చేతులకి మొక్కాలిరా," అన్నాడు రెయ్యో. "సరే, కంగారు పడకు. షాపులో సిమా దొరుకుతుంది. నాలుగు బాటిళ్ళు కొని నీ సీసాల్లో పోసెయ్. ఎవరికి తెలుస్తుంది?"

"ఆవిడకి తెలుస్తుంది. తన ఈగల తేనె ఆవిడకి తెలీదా?"

"తెలిసినా ఏమీ అనదురా."

"ఏమీ అనకపోతే మరీ ఘోరం," అన్నాడు ఇల్మారి. అబద్ధం పోసిన గ్లాసు పట్టుకుని అలాంటి మాట ఎలా అడుగుతాం? ఆ సంగతి రెయ్యోకి చెప్పలేదు. మర్నాడు హిల్యాకి ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామనుకున్నాడు. మిగిలిన ఏడు సీసాలూ చల్లటి నేలమాళిగలో కాస్త నెమ్మదిస్తాయిలే అని వదిలేశాడు. ఈస్ట్ నెమ్మదించలేదు.

శనివారం పెరడు శుభ్రం చేసే రోజు. ఏటా వసంతంలో అపార్ట్‌మెంట్ అంతా కలిసి చేసే పని అది. చలికాలమంతా మంచు మీద చల్లిన కంకర ఊడ్చాలి, ఎండుటాకులు పోగెయ్యాలి, చివర్లో నిప్పుల మీద సాసేజిలు కాల్చుకుని కాఫీ తాగాలి. ఎండ బాగా కాస్తోంది. ఉత్తరం మూల మాత్రం నల్లబడిన మంచు కుప్ప ఇంకా కరగలేదు. పద్నాలుగు మంది చీపుర్లూ పారలూ పట్టుకుని తిరుగుతుంటే, పసుపు రంగు రబ్బరు బూట్లు వేసుకుని హిల్యా అందరికీ పనులు పురమాయిస్తోంది. ఇల్మారి చీపురు పట్టుకుని ఆవిడ వెనకే మూడు సార్లు వెళ్ళాడు, మూడు సార్లూ వెనక్కొచ్చాడు.

"ఏంటండీ, ఊడ్చిన చోటే ఊడుస్తున్నారు?" అంది హిల్యా.

"అదే... మీతో ఒక..."

ఢాం!

కాళ్ళ కింద నేల అదిరింది. "బాయిలర్!" అని ఎవరో అరిచారు. ఇంకో ఢాం. దాని వెంటే మూడోది. కిందనుంచి గాజు రాలుతున్న చప్పుడు. ఇల్మారి చేతిలో చీపురు జారిపోయింది. అది బాయిలర్ కాదని అక్కడ తెలిసినవాళ్ళు ఇద్దరే. రెండోవాడు రెయ్యో, సాసేజి నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటున్నాడు.

హిల్యా పార భుజాన వేసుకుని ముందు నడిచింది. వెనక పద్నాలుగు మందీ నేలమాళిగలోకి దిగారు. పదకొండో నంబరు కొట్టు చెక్కల మధ్యనుంచి బంగారు రంగు నురగ బయటికి పాకుతోంది. గోడ మీద కిస్‌మిస్‌లు అతుక్కుని ఉన్నాయి. నేలమాళిగంతా బేకరీ వాసన.

"పదకొండు ఎవరిది?" అంది హిల్యా, తెలిసి కూడా.

ఇల్మారి ముందుకొచ్చాడు. తల కొట్టేసినట్టు ఉంది.

"ఎంత వేశారు?"

"ఒక ముక్క."

"ఎంత ముక్క?"

"ముక్క అంటే... మొత్తం ముక్క."

వెనక ఆడవాళ్ళందరూ ఒక్కసారే ఊపిరి లోపలికి పీల్చారు. ఎనభై రెండేళ్ళ ముసలావిడ గుండె మీద చెయ్యేసుకుని, "దేవుడా, మొత్తమే!" అంది.

"నన్ను అడగొచ్చు కదా ఇల్మారి గారూ," అంది హిల్యా. కోప్పడితే బాగుండేది. ఆవిడ నురగ వంక చూస్తూ చిన్నగా అంది. "మా ఈగలు వేసవంతా తిరిగి తెచ్చిన తేనె."

అంతే, ఇల్మారి లోపల కూడా ఏదో మూత ఎగిరిపోయింది.

"మీ గ్లాసులో పోసి ఒక మాట అడుగుదామనుకున్నానండీ. చప్పగా ఉంటే అడగలేనేమోనని ఎక్కువ వేశాను."

"ఏం మాట?"

మంగళవారం బకెట్‌కి వినిపించిన వాక్యాలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"వెళ్ళొద్దు," అన్నాడు.

మరుక్షణం మిగతావాళ్ళందరికీ ఒక్కసారే పెరట్లో కంకర గుర్తొచ్చింది. ఒకరినొకరు తోసుకుంటూ మెట్లెక్కేశారు. రెయ్యో మాత్రం కదల్లేదు. అతని భార్య చొక్కా పట్టుకుని లాక్కెళ్ళింది.

హిల్యా గోడ మీంచి ఒక కిస్‌మిస్ గిల్లి తీసింది.

"తుడుపుకర్ర తీసుకురండి," అంది. "గాజు ముక్కలున్నాయి, బూట్లు తియ్యకండి. మిగిలిన సీసాలెన్ని?"

"నాలుగు."

"వాటి మీద తడి తువ్వాలు కప్పి, మూతలు మెల్లిగా వదలండి."

ఇద్దరూ కలిసి తుడిచారు. ఆవిడ ఒక సీసాలోంచి చుక్క వేలి మీద వేసుకుని నాలుకకి రాసుకుంది. కళ్ళు మూసుకుంది, తెరిచింది. పెదాలు వణికాయి. ఏడుస్తుందేమోనని ఇల్మారికి ప్రాణం పోయినంత పనైంది. ఆవిడ నవ్వింది. గోడ పట్టుకుని, కడుపు పట్టుకుని నవ్వింది.

"ఇది తాగేది కాదండీ ఇల్మారి గారూ! దీన్ని ముక్కలు కోసుకుని వెన్న రాసుకోవాలి!"

ఇల్మారి సీసాని వెలుతురుకి ఎత్తి చూశాడు. తేనె, నీళ్ళు, పొంగడానికి తహతహలాడుతున్న బోలెడంత ఈస్ట్. ఇది సిమా కాదు. కానీ ఇదేంటో అతనికి బాగా తెలుసు.

"వెన్న ఉందా మీ దగ్గర?" అన్నాడు.

"ఉంది. ఏం?"

"రెండు గంటలు టైమివ్వండి."

నాలుగు సీసాలూ పట్టుకుని రెండేసి మెట్లు ఎక్కాడు. పిండి జల్లించి, యాలకుల పొడి వేసి, పాల బదులు ఆ పానీయమే పోసి కలిపాడు. ఏం చెయ్యాలో చేతులకి తెలుసు. వాటికి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. కానీ మనసు మాత్రం నేలమాళిగలోనే ఉండిపోయింది. వెళ్ళొద్దు అన్నాడు. ఆవిడ తుడుపుకర్ర తెమ్మంది. దీన్ని అవునని తీసుకోవాలా, కాదని తీసుకోవాలా? పిండిని బల్లకేసి కొట్టి కొట్టి పిసికాడు.

జడల్లా అల్లిన రొట్టెలు మూడు పళ్ళేల నిండా పెట్టుకుని పెరట్లోకి దిగేసరికి వాసనకే జనం చీపుర్లు వదిలేశారు. ముసలావిడ మూడు ముక్కలు తింది. రెయ్యో ఐదు తిని, "ఈసారి కూడా మొత్తం ముక్కే వెయ్యరా, ఫర్వాలేదు," అన్నాడు. అందరూ మెచ్చుకున్నారు. హిల్యా ఒక ముక్క వెన్న రాసుకుని, నెమ్మదిగా చివరి దాకా తింది.

"మా తేనె తెలుస్తోంది," అంది. కాఫీ కెటిల్ అందుకుని ముసలావిడ వైపు వెళ్ళింది.

ఇల్మారి తన ముక్కని తినకుండా పళ్ళెంలో పెట్టేశాడు.

కాఫీలయ్యాక ఆవిడ బూట్లు దులుపుకుని, "ఒకసారి పైకి రండి. ఒక పెట్టె దించాలి," అంది.

ఓహో, అయితే ఇదన్నమాట జవాబు. సామాను సర్దడానికి సాయం. ఇల్మారి ఆవిడ వెనకే మూడు అంతస్తులూ ఎక్కాడు. గదిలో గోడ పొడవునా అట్టపెట్టెలు, అన్నిటి మీదా తూర్కు, తూర్కు, తూర్కు.

"ఆ పైన ఉన్నది," అంది. అతను దించి వంటింటి బల్ల మీద పెట్టాడు. ఒంటిచేత్తో దించాడని ఆవిడ గమనించింది.

"బరువుందా?"

"ఇదేం బరువు? మైదా బస్తా యాభై కిలోలు."

"తేనె నిండిన పెట్టె ముప్ఫై ఉంటుంది. జూలైలో ఎండలో ఇరవై సార్లు ఎత్తాలి, దించాలి. ఈగలు కుడతాయి కూడా."

"నన్ను ఓవెన్లు నలభై ఏళ్ళు కాల్చాయి."

హిల్యా కత్తి తీసి, పెట్టెకి అంటించిన టేపుని ఈ చివర్నుంచి ఆ చివరికి చీరేసింది. లోపల పాత కాగితాల్లో చుట్టిన తేనె సీసాలు ఉన్నాయి. ఒకటి తీసి మూత తిప్పింది. నీళ్ళు కాచి చల్లార్చింది. ఆవిడ తేనె కలిపింది, నిమ్మకాయ కోసింది. ఆఖర్న ఫ్రిజ్‌లోంచి ఈస్ట్ ముక్క తీసి, వెన్న కత్తితో సహా అతని ముందు పెట్టింది.

"మీరే తియ్యండి. కాపురం చేసినవారు కదా."

ఇల్మారి బొటనవేలంత కోశాడు.

"తగ్గించండి."

చిక్కుడు గింజంత చేశాడు.

"ఇంకా."

చివరికి కత్తి మొన మీద ఎండు బఠాణీ అంత మిగిలింది. ఇల్మారి దాన్ని జాలిగా చూశాడు.

"ఇంత తేనెలో ఇది ఉన్నట్టు తెలుస్తుందా అసలు?"

"తెలుస్తుంది. తీరిగ్గా," అంది హిల్యా. అతని వంక చూడకుండా గిన్నె అంచు తుడుస్తోంది. "మీరు మరీ తొందరగా కావాలంటే ఇంకాస్త వేసి ఇక్కడే వెచ్చగా పెడతాను. వప్పుకి తాగెయ్యొచ్చు, రుచి అంతంత మాత్రం. ఇంతే వేసి వేసవి ఇంట్లో చల్లటి కొట్లో పెడితే జూన్ ఆఖరికి, నడివేసవి పండక్కి అవుతుంది. దానికి ఎవరో ఒకరు అక్కడ ఉండి చూసుకోవాలి మరి. ఎప్పటికి కావాలో చెప్పండి."

ఇల్మారి నడివేసవి ఎప్పుడో లెక్క వేసుకున్నాడు. లారీ మే ఇరవైన. నడివేసవి జూన్ ఆఖర్న. మళ్ళీ లెక్క వేసుకున్నాడు, ఈస్ట్ దగ్గర ఒకసారి లెక్క తప్పినవాడు కదా. మే తర్వాతే జూన్ వస్తుంది. అందులో అనుమానం లేదు. కళ్ళు మసకబారాయి. ఇంత సంతోషాన్ని ఏం చేసుకోవాలో తెలీక, గోటితో కత్తి మొన మీది బఠాణీలో సగం గీకి, మిగిలిన ముక్కలో అతికించేశాడు.

హిల్యా చూసి పక్కున నవ్వింది. "అయ్యో, అంత తగ్గిస్తే నడివేసవికి కాదండీ! ఆకులు రాలేదాకా అవదు."

"అవకపోనివ్వండి," అన్నాడు ఇల్మారి.

హిల్యా ఇంకా నవ్వుతూనే ఫోన్ అందుకుని, లారీ కంపెనీ నంబరు నొక్కింది.